పలక మందం

జూన్ పదకొండు. సాయంత్రం రెండు అరటిపండ్లు తిని, మర్నాటి లెక్కల పరీక్షకు నా శిష్యురాలిని పంపమని అడగడానికి వాళ్ల వడ్రంగి షెడ్డుకు వెళ్లాను.

తండ్రి ఆమె జుట్టు పట్టుకుని చెక్కబద్దతో బాదుతున్నాడు. పన్నెండేళ్ల పిల్ల. పెదవి చిట్లి రక్తం కారుతోంది.

"మేడమెట్లకి తెచ్చిన టేకు చెక్క తగలేసింది మాస్టారూ! మొదటి మెట్టుకు నేను గీసిన గీత చెరిపి కిందికి గీసింది. వీళ్లన్న చూడకుండా దాని మీదే కోసేశాడు."

"దీన్ని బడి మాన్పించమని ఎప్పుడో చెప్పాను," అన్నాడు రంపం పట్టుకున్న ఆమె అన్న.

మళ్లీ లేచిన బద్దకు చెయ్యి అడ్డం పెట్టాను. మణికట్టు కమిలిపోయింది.

"ఎందుకు గీశావమ్మా?"

"కోసినచోట పైన పలకలు పరుస్తారు కదా సార్. పలక మందం ప్రతి మెట్టుకీ కలుస్తుంది, నేలకి కలవదు. నాన్న గీత ప్రకారం మొదటి మెట్టొక్కటే ఎత్తయి, జనం తట్టుకుని పడతారు."

అంతవరకూ తలుపులూ మంచాలే తప్ప మెట్లు చెయ్యని తండ్రి చెక్క నిలబెట్టి, రెండు పలకలు పరిచి కొలిచాడు. మళ్లీ కొలిచాడు. రెండు మెట్లూ ఏడంగుళాలే.

"మరి నోటితో చెప్పి చావొచ్చుగా!"

"మూడుసార్లు చెప్పాను నాన్నా. మూడోసారి చెంప పగలగొట్టావు."

అన్న నవ్వబోయి తండ్రి ముఖం చూసి ఆగిపోయాడు.

తండ్రి తువ్వాలు తడిపి నా చేతికిచ్చాడు. "మీరు తుడవండి మాస్టారూ. నా చెయ్యి లేస్తే బెదురుతుంది."

"రేపు పరీక్ష?"

"నేనే తీసుకొస్తాను."

పొద్దుగూకింది. ఆ పూటకి పని చాలించి, షెడ్డు తలుపు చప్పుడు కాకుండా మూశాడు.