ఘానా కొళాయి, ఇథియోపియా మంచం

ఘానానా, ఇథియోపియానా? శనివారంలోగా తేల్చి చెప్పాలని పాస్టరు గారు గట్టిగా చెప్పి వెళ్లారు.

ఆ రోజు నుంచి కరుణాకరం మాస్టారికి కంటి మీద కునుకు లేదు. మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్న కాలమది. కొత్త రాష్ట్రం వచ్చింది గానీ కొత్త రోడ్లు రాలేదు. కర్నూలు వెళ్లొచ్చినవాడే ఊళ్లో గొప్పవాడు. అలాంటిది ఆఫ్రికా! అక్కడి బళ్లలో పాఠాలు చెప్పడానికి మనవాళ్లను పిలుస్తున్నారని అందరూ అనుకుంటున్నదే. కానీ ఆఫ్రికా మాట తన గుమ్మం తొక్కుతుందని, అదీ ఒకేసారి రెండు దేశాల పేర్లతో వస్తుందని మాస్టారు కలలో కూడా అనుకోలేదు.

బడిలో గోడకు పటం తగిలించి దారంతో కొలిచారు. ఇథియోపియా కాస్త దగ్గర. ఘానా ఎక్కడో ఆ చివర. ఇంటికొచ్చి ఆ సంగతే భార్యకు చెప్పారు.

"దగ్గరంటే? పొద్దున పోయి మాపటికి రావచ్చునా?" అంది మణెమ్మ. ఆవిడ వారం నుంచి అన్నం సరిగా తినడం లేదు.

"ఓడెక్కి పోవాల."

"అయితే ఏంది దగ్గర! రెండూ ఒకటే. వద్దని చెప్పు పాస్టరయ్యగారికి."

"మంచి చోటైతే వద్దని ఎట్ల చెప్తాం? ఇది జీవితాంతం సంగతి. పటం చూస్తే తేలదులే, ఆడ ఉండి వచ్చినోళ్లనే అడగాల."

అలాంటివాళ్లు ఇద్దరు సెలవు మీద వచ్చి ఉన్నారు. ఘానాలో పనిచేసే నిత్యానందం గిద్దలూరులో, ఇథియోపియాలో పనిచేసే మోషే పెద్దారవీడులో. ఇద్దరూ కుర్ర మాస్టర్లే. ఇద్దరూ కరుణాకరం గారి మొహం ఎరగరు.

మాస్టారు ముందు గిద్దలూరు రైలెక్కారు.

నిత్యానందం ఇంటికి కొత్తగా సున్నం వేశారు. బల్ల మీద పూల గుడ్డ, గుడ్డ మీద ఫారిన్ రేడియో. మాస్టారు వచ్చిన పని చెప్పగానే కుర్రవాడు రేడియో గొంతు పెంచి, దానికి పైన తన గొంతు పెంచాడు.

"ఘానా అంటే స్వర్గం మాస్టారూ! ఇంట్లోనే కొళాయి. మీట నొక్కితే దీపం. వంటకు ఒక మనిషి, బట్టలకు ఒక మనిషి. సముద్రపు గాలి ఊరికే వస్తా ఉంటది."

"జబ్బు చేస్తే?"

"వీధి చివరే పెద్దాసుపత్రి."

మాస్టారు తృప్తిగా తలూపారు. "చాలా సంతోషం అబ్బాయ్. నాకూ ఆడ ఉద్యోగం దొరికేట్టుంది. రాంగానే మీ ఇంట్లోనే దిగుతా. ఇల్లు దొరికిందాకా, ఆర్నెల్లో ఏడాదో. మా ఆడమనిషి కూడా వస్తాది. ఆమెకు కొంచెం ఆయాసం."

నిత్యానందం టీ గ్లాసు నోటి దాకా వచ్చి ఆగిపోయింది. రేడియో కట్టేశాడు.

"కొళాయి ఉంది గానీ మాస్టారూ, నీళ్లు ఎప్పుడో గాని రావు. వాన పడితే ఇల్లంతా కురుస్తది. దోమలంటారా, మనిషిని ఎత్తుకుపోతాయి. వంటమనిషి మొన్ననే మానేసినాడు."

"ఇందాక స్వర్గమంటివే!"

"స్వర్గమే, వయసులో ఉన్నోళ్లకు. మీకు ఇథియోపియానే మేలు. చల్లటి దేశం, ఆయాసానికి బాగా పనిచేస్తది."

ఇథియోపియా అతను పటంలో కూడా చూసినట్టు లేదు. అయినా మాస్టారిని వదలకుండా స్టేషను దాకా నడిపించాడు. టిక్కెట్టు తనే కొన్నాడు. బండి కదిలేదాకా నిలబడి, అది నిజంగా కదిలిందని చూసుకుని మరీ వెళ్లాడు.

మర్నాడు పెద్దారవీడు బస్సు.

మోషే అరుగు మీద మంచానికి నులక అల్లుతున్నాడు. మాస్టారు అటు పక్క పట్టుకుని నులక అందిస్తూ అడిగారు.

"స్వర్గమని మాత్రం చెప్పలేను మామా," అన్నాడు మోషే. "మా బడి కొండమీద ఊళ్లో ఉంది. ఎండాకాలంలో కూడా కంబళి కప్పుకోవాల. నీళ్లు మోసుకోవాల. పుల్లటి దోసె మాదిరి రొట్టె తింటారు. కారం మనకు దీటుగా తింటారు గానీ చింతపండు దొరకదు. మొదట్లో దిగులుతో ఏడ్చినాను. ఇప్పుడు అలవాటైంది. పిల్లోళ్లు మంచోళ్లు."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. మళ్లీ అదే పాఠం అప్పజెప్పారు. ఉద్యోగం, దిగడం, ఆర్నెల్లో ఏడాదో, ఆడమనిషి, ఆయాసం.

మోషే నులక వదిలేసి వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"ఒకటే గది మామా. మంచమూ ఒకటే," అన్నాడు చివరికి. "దాని మీద అత్త పండుకుంటాది. మనిద్దరికీ చాప చాలు. నీళ్లు నేనే మోస్తాలే. చింతపండు మాత్రం మూటకట్టుకోని రాండి."

"నేను గురక పెడతా నాయనా."

"ఆడ రాత్రంతా దుమ్ములగొండ్లు అరుస్తాయి. మీ గురక ఒక లెక్కా?"

మాస్టారికి నవ్వాగలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. కుర్రవాడు కంగారుపడి మంచినీళ్లు తెచ్చాడు.

ఇంటికొచ్చేసరికి మణెమ్మ గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"ఏ దేశం?"

"ఇథియోపియా."

"ఆడ చలంట గదా! చింతపండు దొరకదంట, అయ్యగారు చెప్పినారు."

"దొరకదు. నీళ్లు కూడా మోసుకోవాల."

"ఘానాలో ఇంట్లోనే కొళాయంట!"

"కొళాయి ఉంది," అన్నారు మాస్టారు చెప్పులు విడుస్తూ. "నువ్వు పోయి అయ్యగారితో చెప్పు, ఆదివారం మన పాప పెళ్లిచూపులకు ఆ పెద్దారవీడు పిల్లోణ్ని రమ్మని."