గోధుమరంగు మరక

మైక్రోస్కోపు మీంచి తలెత్తి ప్రొఫెసరు మొహం చిట్లించాడు. తింటున్న ముద్దలో వెంట్రుక వచ్చినట్టుంది ఆయన వాలకం.

"ఛీ! ఇది మెదడా, మురిక్కాలవా?"

ఎదురుగా పరిశోధక విద్యార్థిని నిలబడి ఉంది. ఆయన పేరు మోసిన ఫలితాన్నే మళ్లీ రాబట్టడం ఆమె పని. నాలుగేళ్లయింది, రాలేదు. ఆమె ఉండాలా, మూటాముల్లె సర్దుకోవాలా అన్నది ఇవాళ కమిటీలో తేలిపోవాలి.

పని చెప్పుకోవడానికి చిన్నదే. గాజు స్లైడుకి అంటించిన ఎలుక మెదడు పొర మీద యాంటీబాడీ వేస్తే అది మెదడులో ఊరే రసాయనమైన డోపమిన్‌ని వెతికి పట్టుకుంటుంది. పట్టుకున్నచోట గోధుమరంగు తేలుతుంది. ఎవరూ ఊహించని చోట ఆ రంగు చూపించే ఆయన ఇంతవాడయ్యాడు. ఆయనకి ఆ రంగు తేలిన పదిహేడో నంబరు స్లైడులో ఒక మూలని పెద్దది చేసిన బొమ్మ, ఆయన కుర్చీ వెనక పటం కట్టి ఉంది. ఆమె దానివంకే చూస్తోంది.

ఆయన మళ్లీ కన్ను ఆనించాడు.

"రక్తనాళాలకి కూడా రంగెక్కింది! నెత్తురుకి దానంతటదే రంగొస్తుంది, ముందు దాన్ని అణచాలని చిన్నపిల్లలకి కూడా తెలుసు. యాంటీబాడీ వెయ్యని స్లైడేదీ, పక్కన పెట్టి చూడ్డానికి?"

"దొరకలేదు సార్."

"దొరకడమేంటి నీ మొహం! చేస్తే ఉంటుంది."

ఆయన ఇంకోసారి చూసి, కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇందులో డోపమిన్ ఉందన్నవాడు గుడ్డివాడన్నా అయ్యుండాలి, దొంగన్నా అయ్యుండాలి."

"ఆ మాట రాసిస్తారా సార్? కమిటీకి చూపించాలి."

పీడా విరగడవుతుందనుకున్నాడాయన. కాగితం లాక్కుని బరబరా గీకాడు: 'ఈ స్లైడులో ఉన్నది డోపమిన్ కాదు, వట్టి మరక. దీన్ని చేసినవారు పరిశోధనకు పనికిరారు.' కింద సంతకం పొడుగ్గా లాగాడు. తర్వాత చచ్చిన బొద్దింకని పట్టుకున్నట్టు స్లైడుని రెండు వేళ్లతో తీసి, ఆమెవైపు తోశాడు.

ఆమె కాగితం మడిచి భద్రంగా దాచుకుంది. స్లైడు చివర తను అంటించిన తెల్లచీటీని గోటితో మెల్లగా ఊడదీసి, మళ్లీ ఆయన ముందే పెట్టింది.

చీటీ కింద, వెలిసిపోయిన పాత సిరాతో పదిహేడు అంకె ఉంది, పక్కనే అదే పొడుగు సంతకం.