నీలాలు పూసిన బొగ్గు

ఆ దొడ్డిలో నల్ల వేటకుక్కలదే పెత్తనం. ఒంటి మీద తెల్లమచ్చతో పుట్టిన పిల్లను కంచె అవతలికి గెంటేసేవి. నీలాలు అనే కుక్క కన్న నాలుగు పిల్లల్లో చివరిదాని రొమ్ము మీద మల్లెమొగ్గంత తెలుపుంది. ఆ కుక్కల కులపెద్ద కాటన్న పిల్లల్ని చూడ్డానికి వస్తున్నాడని తెలిసి, ఆ తల్లి దాన్ని బొగ్గుపొడిలో పొర్లించింది.

కాటన్న మూడింటిని చూసి తలూపాడు. నాలుగోదాన్ని ముద్దుగా నాకాడు. నాలుక నల్లబడింది, మచ్చ బయటపడింది. నీలాలుకు పైప్రాణాలు పైనే పోయాయి.

కాటన్న అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "బొగ్గు నిలవదు తల్లీ. పొయ్యి మసిలో ఆముదం కలిపి పుయ్యి. ఏడేళ్ళుగా నా గడ్డం కింద ఉన్నది అదే."

నీలాలు అప్పటికి ఊపిరి పీల్చుకుంది. కాటన్న గుమ్మంలోకి వెళ్ళి, దొడ్డంతా వినేట్టు మొరిగాడు. "నాలుగూ అచ్చం మన రంగే."