నూట అరవయ్యో పేజీ

పుస్తకం తెరవగానే శాంభవికి తన వాక్యం కనిపించింది. రెండో వాక్యమూ తనదే. అట్ట మీద పేరు మాత్రం ఉదయభాస్కర్‌ది.

ఎనిమిది నెలల క్రితం రాతప్రతిని ఆయన చేతిలో పెట్టింది ఆమే. ఆయన విజయవాడలో పేరున్న రచయిత. ఆమె గవర్నర్‌పేట డీటీపీ సెంటర్లో ఆయన పుస్తకాలు టైపు చేసే అమ్మాయి. చదివి బాగోగులు చెప్పమంది. మొదటి ప్రయత్నం కదా, పక్కన పడేయమన్నాడు ఆయన.

అదొక చారిత్రక నవల. మూడొందల ఏళ్ల కిందటి కృష్ణాతీరం. జమీందారు కొలువుకు ఊరూ పేరూ చెప్పని ఒక పడుచు చిత్రకారిణి వస్తుంది. తను వేసిన బొమ్మలన్నిటికీ ఆయన పేరు పెట్టుకుని వెలిగిపోయిన గురువును ఆమె చంపి వచ్చిందని నూట అరవయ్యో పేజీలో బయటపడుతుంది. శవం కుడి బొటనవేలికి రాగితీగతో కుంచె కట్టి, ఇంటి వెనక ఎండిపోయిన బావిలో వేసి, మట్టి కప్పేస్తుంది.

శాంభవి నేరుగా ఆయన ఇంటికే వెళ్లి అడిగింది. ఉదయభాస్కర్ తడబడలేదు. రాతప్రతి ఎప్పుడో కాల్చేశాను, నీ మాట ఎవరు నమ్ముతారన్నాడు. పైగా, తాను టైపు మాత్రమే చేశానని, నవలతో తనకు ఏ సంబంధమూ లేదని స్టాంపు పేపరు మీద రాసివ్వమన్నాడు. డీటీపీ సెంటర్ ఓనరు తన శిష్యుడేనని గుర్తుచేశాడు.

 శాంభవి చాలాసేపు ఆ కాగితాన్నే చూసింది. తర్వాత సంతకం చేసి వచ్చేసింది.

నవలకు పెద్ద అవార్డు వచ్చింది. సన్మాన సభలో శాంభవి ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. ప్రశ్నలు అడగమన్నప్పుడు మైకు అందుకుంది.

"ఆ బావి ఘట్టం ఎవరైనా చెప్పగా విన్నారాండీ? లేక మీ సొంతమేనా?"

ఉదయభాస్కర్ ముఖం ఒక్క క్షణం మాడిపోయింది. వెంటనే వీడియో కెమెరా వైపు తిరిగి నవ్వాడు.

"ప్రతి అక్షరం నాదేనమ్మా. ఎవరి దగ్గరా వినలేదు, ఎక్కడా చదవలేదు."

పది రోజులకు పోలీసులకు ఆకాశరామన్న ఉత్తరం అందింది. నవలలో నూట అరవయ్యో పేజీ చదివి, ఉయ్యూరు దారిలో రామ్మూర్తి మాస్టారి పాత ఇంటి వెనక బావి తవ్వమని అందులో ఉంది.

రామ్మూర్తి బొమ్మలు నేర్పే మాస్టారు. పదేళ్ల క్రితం కనిపించకుండా పోయాడు. ఆయనకూ ఉదయభాస్కర్‌కూ పడేది కాదు. అప్పట్లోనే పోలీసులు ఉదయభాస్కర్‌ను పిలిచి అడిగారు. సాక్ష్యం లేక వదిలేశారు.

బావిలో అస్థిపంజరం దొరికింది. కుడి బొటనవేలి ఎముకకు రాగితీగ చుట్టి ఉంది. ఇలా జరిగి ఉంటుందని ఆనాడే అనుకున్నామన్నారు ఇరుగుపొరుగువాళ్లు.

అరెస్టయిన ఉదయభాస్కర్ తల బాదుకున్నాడు. నవల తను రాయలేదని, దొంగిలించానని ఒప్పుకున్నాడు. శాంభవిని పిలిపించమని బతిమాలాడు. అప్పటికే ఆయన బీరువాలో స్టాంపు పేపరు పోలీసుల కంటపడింది.

సీఐ స్టీఫెన్ ఆమెను మర్యాదగా కూర్చోబెట్టి, ఈ నవల మీరు రాసిందేనా అని అడిగాడు.

"నేను టైపు చేశానంతేనండీ" అంది శాంభవి.

మూలన నిలబడ్డ ఉదయభాస్కర్ చేతులు జోడించాడు. "నిజం చెప్పమ్మా. నీ కాళ్లు పట్టుకుంటాను."

ఆమె ఆయన కళ్లలోకి సూటిగా చూసింది.

"ప్రతి అక్షరం మీదేనని అందరి ముందూ మీరే చెప్పారు కదండీ."

వాంగ్మూలం కింద సంతకం పెట్టి, ఆటో ఎక్కి ఇంటికి చేరింది. మిట్టమధ్యాహ్నం. పెరుగన్నం తిని, ఫ్యాను కింద చాప పరుచుకుంది.

రామ్మూర్తి మాస్టారిని చంపాక, ఈ పదేళ్లలో ఆమెకు కంటినిండా నిద్ర పట్టింది ఆ రోజే.