శుక్రవారం బ్రేకులు

“నొక్కండి అత్తయ్యా.”

“నొక్కాను.”

“అలాగే పట్టుకోండి. నేను చెప్పేదాకా వదలకండి.”

కారు పక్కన నేల మీద పడుకుని మర్దియా పానాతో స్క్రూ వదులు చేసింది. రంగు మారిన బ్రేక్ ఆయిల్ సన్న గొట్టంలోంచి బుడగలు బుడగలుగా సీసాలోకి దిగింది. స్క్రూ బిగించి, వదలమంది. డ్రైవర్ సీట్లో ఉన్న అత్తగారు పెడల్ మీంచి కాలు తీసి మోకాలు రుద్దుకుంది. ఆవిడకి డెబ్బై ఏళ్లు.

ఇలా ఒక్కో చక్రానికి పది పన్నెండు సార్లు. అలాంటివి నాలుగు చక్రాలు.

దీనికి శుక్రవారం మధ్యాహ్నమే వీలు. భర్త షుక్రీ రైల్లో ఆఫీసుకి వెళ్లి, అక్కణ్నుంచి నమాజుకి వెళ్తాడు. కారు ఇంట్లోనే ఉంటుంది. వీధిలో మగపురుగు కనిపించదు. ఎవరూ చూడరు, ఎవరూ అతనికి మోయరు.

రెండేళ్లుగా మూడు నెలలకోసారి ఇదే పని. ఎల్లుండి ఆదివారం మళ్లీ ట్రాక్ డే, రేసు ట్రాక్ మీద సొంత కార్లు తోలే రోజు.

షుక్రీ ఆఫీసులో పెద్దాయన, దాతుక్ బిరుదున్న బహారుద్దీన్. ఆయనకి కార్ల పిచ్చి. పిచ్చి ఆయన ఒక్కడితో ఆగితే బాగుండేది. కింద పనిచేసే నలుగురినీ కూడగట్టి ట్రాక్ మీదికి లాక్కెళ్లడం మొదలుపెట్టాడు. వెళ్లకపోతే ఏమవుతుందని మర్దియా అడిగింది. దాతుక్ పిలిస్తే వెళ్లనంటామా, అయినా నాకూ సరదాగానే ఉందన్నాడు షుక్రీ. ఆ మాట అన్నాక ఆమె ఇంకేం అడుగుతుంది?

మర్దియా తండ్రికి తైపింగ్ ఊళ్లో బ్రేకుల షెడ్డు ఉండేది. ఆమె అక్కడే పెరిగింది. మొదటి ట్రాక్ డేకి ముందు ఎందుకో అనుమానం వచ్చి కారు బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూసింది. డికాషన్‌లా ఉంది. బ్రేక్ ప్యాడ్లు అట్టముక్కంత మందం కూడా లేవు. ఈ ఉక్కలో బ్రేక్ ఆయిల్ గాల్లోని తడిని తాగేస్తుంది. నాలుగు రౌండ్లు గట్టిగా తిరిగితే బ్రేకులు కాగి ఆ తడి ఆవిరవుతుంది. అప్పుడు పెడల్ నొక్కితే కాలు నేలకి తగులుతుంది, కారు మాత్రం ఆగదు.

ఆ సంగతి షుక్రీకి చెప్పింది. చూస్తాలే అన్నాడు. చూడలేదు. అప్పట్నుంచి ఆమే చూస్తోంది.

“వాడితో చెప్పెయ్యరాదూ, ఈ చాకిరీ నువ్వు చేస్తున్నావని?” అంది అత్తగారు.

“చెబితే ఇక నేనే చూసుకుంటానంటాడు. చూసుకోడు. నన్నూ ముట్టుకోనివ్వడు.”

“వీడి నాన్న సైకిలెక్కే ముందు కూడా బ్రేకు పట్టి చూసుకునేవాడు. వీడికి ఎవరి పోలికొచ్చిందో. పోనీ, అలాగే వదిలెయ్. ట్రాక్ దగ్గర కార్లు తనిఖీ చేసే ఆ టియో వెనక్కి పంపేస్తాడు, పీడ పోతుంది.”

మర్దియాకి ఆ ఆలోచన రాకపోలేదు. కానీ అక్కడ అరవై కార్ల వరస, చూసేవాడు టియో ఒక్కడు. ఏదో ఒకసారి అతని కన్ను తప్పితే?

పాత ప్యాడ్లు ఈసారీ పెద్దగా అరగలేదు. ఇంకోసారికి పనికొస్తాయి. అయినా మార్చేసింది. లేకపోతే ఆదివారం సాయంత్రం దాకా ముద్ద దిగదు. పాతవి ఖాళీ బిస్కెట్ డబ్బాలో దాచి, చేతులు మూడుసార్లు కడుక్కుంది. వాసన పోలేదు. నడుం పట్టేసింది. తనకి నలభై ఆరు దాటాయి. ఇంకెన్నాళ్లు ఇలా?

ఆదివారం పొద్దున ట్రాక్ దగ్గర షుక్రీ తనిఖీ వరసలో అందరికన్నా వెనక నిలబడ్డాడు. తన వంతు రాగానే అడక్కుండానే బానెట్ ఎత్తాడు.

“బాగా చూడు టియో అన్నా. ఆయిల్ చూడు, ప్యాడ్లు చూడు. మొహమాటపడకు,” అన్నాడు.

అతనితో వచ్చి కాస్త ఎడంగా నిలబడ్డ మర్దియాకి ఒళ్లు మండింది. వేలికి మసి అంటించుకోనివాడికి ఈ గొప్పలు ఒకటి. పైగా ఎప్పటిలాగే ఆయిల్ డబ్బాలోకి తొంగి చూసి, వింత చూసినట్టు అలాగే నిలబడిపోయాడు. సంసారంలో ఏది ఎలా జరుగుతోందో తెలియని మనిషి.

టియో తడిని పరీక్ష చేసే పుల్ల ఆయిల్లో ముంచాడు. పచ్చ దీపం వెలిగింది. టార్చి వేసి చక్రాల్లోకి చూశాడు. పెడల్ నొక్కి చూశాడు. రాయిలా ఉంది. ఇంత శ్రద్ధగా బ్రేకులు చూసుకునేవాడు ఈ ట్రాక్‌లో ఇంకొకడు లేడని మెచ్చుకున్నాడు. దాతుక్ షుక్రీ వీపు చరిచి, నవ్వుకుంటూ తన కారు వైపు వెళ్లిపోయాడు.

ఇక చాలనుకుంది మర్దియా. ఈ ట్రాక్ మానేస్తావా, లేక నీ బ్రేకులు నువ్వే చూసుకుంటావా అని ఇవాళ అడిగెయ్యాలి. అతని కోసం తెచ్చిన నాసి లెమాక్, కొబ్బరిపాల అన్నం పొట్లం పట్టుకుని కారు వెనక నుంచి వెళ్లింది.

షుక్రీ ఆమెని చూడలేదు. పాసైనట్టు స్టిక్కర్ అంటించబోతున్న టియో చెయ్యి పట్టుకుని ఆపాడు.

“ఈ ఒక్కసారైనా ఫెయిల్ చెయ్యి అన్నా, నాకు భయమని దాతుక్‌తో చెప్పలేక, నువ్వే వెనక్కి పంపిస్తావని రెండేళ్లుగా ఈ బ్రేకుల మీద చెయ్యి కూడా వెయ్యలేదు,” అన్నాడు గొంతు తగ్గించి.