నల్లకోట ఆనవాయితీ

ఇంటి గోడలన్నీ ఆటలకు తెరలైపోయిన రోజులవి. భర్త ఒక గదిలో, కూతురు ఇంకో గదిలో ఎవరి యుద్ధంలో వాళ్లుంటే, సువర్చల వంటింట్లో దొండకాయలు తరుగుతూ నల్లకోట ఆటలోకి వెళ్లేది. ఆడేవాళ్లంతా ద్వారం దగ్గరి కాపలావాణ్ణి పొడిచేసి, తాళంచెవి లాక్కుని లోపలికి పరుగెత్తేవాళ్లు. సువర్చలకు కోట గెలవాలని లేదు, దాని కథ తెలుసుకోవాలని ఉంది.

"ఆ చెయ్యి ఎలా కాలింది బాబూ?" అని ఒకరోజు కాపలావాడి చేతి మీద కాలిన మచ్చలు చూసి అడిగింది.

కాపలావాడు తెల్లబోయాడు. ఈటె పక్కన పెట్టి, కోట తగలబడిన రోజు మంటల్లోకి దూకి ఏనుగుల సంకెళ్లు ఎలా విప్పాడో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆమె తరగడం మానేసి వింది.

"మా కోటలో ఒక ఆనవాయితీ ఉందమ్మా," అన్నాడు గోడలోంచి ఆమెనే చూస్తూ. "కథ విన్నవాళ్లు తమ కథ ఒకటి చెప్పి కదలాలి. మీ మోచేతి మీద ఆ మచ్చేంటి?"

సువర్చల గబుక్కున కొంగు కప్పుకుంది. కాగిన నూనె ఒలికి ఏడాది దాటింది. ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"అబ్బే, అదేం చెప్పుకునేంత కథ కాదులే," అంది. కానీ అక్కణ్ణించి కదల్లేదు.

కాపలావాడు గుమ్మంలో చతికిలబడ్డాడు.

"నిదానంగా చెప్పండమ్మా. నన్ను అడిగేవాళ్లూ ఇంకెవరూ లేరు."