లారీ పక్కన ఎర్ర చుక్క

పత్తికొండలో టమాటా లోడు ఎత్తుకుని డోన్‌కు వస్తున్న డ్రైవర్ ఓబులేష్‌కు, చీకటి పడ్డాక లారీ యజమాని నాగేశ్వరయ్య ఫోన్ చేశాడు.

"ఓబులేసూ, లారీ యాడుంటే ఆడే ఆపప్పా. గ్యాస్‌తో నడిచే ఈ రకం లారీలన్నీ కంపెనీవాళ్లు వెనక్కి తెప్పించుకుంటాండారు. సిలిండర్ వాల్వు కారుతాదంట. నువ్వు దూరంగా పోయి కూసో. పొద్దున మెకానిక్‌ను పంపిస్తా."

ఓబులేష్ రోడ్డు పక్కన ఇంజన్ ఆపేశాడు. వెంట వస్తున్న భార్య నాగక్కను దింపి, కంది కోసేసిన చేనులోకి తీసుకెళ్లాడు. ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. లారీ వైపు నుంచి సన్నగా బుస వినిపిస్తూనే ఉంది.

"గ్యాస్ పోతాండాది," అన్నాడు ఓబులేష్.

"పోనీలే. మనం ఈడ ఉండాం కదా."

కాసేపటికి లారీ పక్కన ఎర్రటి చుక్క కనిపించింది. ఎవరో బీడీ కాలుస్తున్నారు.

ఓబులేష్ లేచి కేకేశాడు. "ఏమప్పా, బీడీ ఆర్పు. గ్యాస్ కారుతాండాది. ఇట్ల రా."

చుక్క నిదానంగా లారీ చుట్టూ తిరిగింది. సిలిండర్ల దగ్గర, మనిషి వంగినట్టు, కిందికి దిగింది. నాగక్క చెవులు మూసుకుంది. ఏదీ పేలలేదు.

తర్వాత చుక్క పైకి లేచి, చేనులోకి దిగి, వాళ్ల వైపే రాసాగింది.

"మన మాట ఇన్నాడు. వస్తాండాడు," అన్నాడు ఓబులేష్.

నాగక్క అతని చేయి పట్టుకుంది. ఎండిన కంది మోళ్ల మధ్య ఎవరు నడిచినా చప్పుడు కావాలి. కావడం లేదు.

"లారీ కాడ బుస నిలిచిపోయిండాది," అంది మెల్లగా.

ఓబులేష్ చెవి ఒగ్గి విన్నాడు. బుస నిలిచిపోలేదు. చుక్కతో పాటు అది కూడా దగ్గరికి వస్తూ ఉంది.